పుచ్చిందా, చివికిందా, వెలిసిందా: పెరటి డెక్కు దగ్గర మొదలైన ఒక మాట

హ్యూస్టన్ సభ్యుడు:
పెద్దలకు నమస్కారం. అడిగేది భాష ప్రశ్నే, కానీ కర్రపని దగ్గర మొదలవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

మా పెరట్లో చెక్క డెక్కు ఉంది, అంటే నేలకి కాస్త ఎత్తున చెక్క పలకలతో వేసిన అరుగు లాంటిది. ఇల్లు కొన్నప్పటికే పాతది. ఈ ఊరి ఉక్కపోత సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏడాదికి 50 అంగుళాల చుట్టుపక్కల వాన, వేసవిలో తెల్లవారుజామున గాల్లో తేమ 90 శాతం దాకా. పలకలు చాలావరకు బూడిదరంగుకి తిరిగాయి. కొన్నిటి అంచులు పైకి లేచి మధ్యలో నీళ్ళు నిలుస్తున్నాయి. మెట్ల దగ్గర పలకలు కాలేస్తే కిందికి దిగుతున్నాయి.

రిపేరు మొదలుపెట్టే ముందు నాన్నగారికి వీడియో కాల్‌లో చూపించాను. మా తాతగారికి కలప అడితి ఉండేది, అందుకని ఈ విషయంలో నాన్నగారి మాటకి విలువెక్కువ. ఆయన అడిగింది ఒకటే: "పుచ్చిందా, చివికిందా, వెలిసిందా?" అన్నీ పాడైపోవడమే కదా నాన్నా అన్నాను. "అన్నీ ఒకటే అయితే మాటలు మూడెందుకురా" అని ఫోను అమ్మకిచ్చేశారు.

ఇప్పుడు చెప్పండి. ఈ మూడు మాటలకీ నిజంగా తేడా ఉందా, లేక మా నాన్నగారి అడితి పరిభాషా?

అమలాపురం సభ్యురాలు:
తేడా ఉందండీ, మీ నాన్నగారిది వట్టి మాట కాదు. బట్టల దగ్గర ఎలా వాడతామో చూడండి. చీర ఎండకి వెలుస్తుంది: రంగు పోతుంది, పోగు గట్టిగానే ఉంటుంది. అదే చీర తడిలో పడి ఉంటే చివుకుతుంది: చూడ్డానికి బాగానే ఉంటుంది, పట్టుకు లాగితే పర్రుమని చిరుగుతుంది. చీర పుచ్చిందని మాత్రం ఎవరూ అనరు. పుచ్చేవి వంకాయ, శనగలు, విత్తనాలు, పన్ను. లోపల ఏదో చేరి తొలిచి గుల్ల చేస్తే అది పుచ్చు. కర్ర ఒక్కటే మూడు రకాలుగానూ పాడవుతుంది.

కాబట్టి వెలవడం ఎండ పని, చివకడం తడి పని, పుచ్చడం పురుగు పని.

విజయనగరం సభ్యుడు:
అక్కా, పన్ను దగ్గర మీ లెక్క తప్పుతోంది. పంటిలో పురుగేం ఉండదు కదా, అయినా పుచ్చుపన్ను అంటాం. అంటే లోపల కుళ్ళితే చాలు, పుచ్చే.

అమలాపురం సభ్యురాలు:
తమ్ముడూ, పన్ను పుచ్చిందని చెప్పిన నోటితోనే "పురుగు తినేసింది" అని కూడా అంటారు, గమనించావా? డెంటిస్టు ఒప్పుకోకపోవచ్చు, మాట పుట్టించినవాళ్ళు పురుగు ఉందనే అనుకున్నారు. సరే, నీ మాట సగం ఒప్పుకుంటాను. పైకి బాగుండి లోపల డొల్ల కావడం పుచ్చులో ముఖ్యం. చివికినదాన్ని చెయ్యి వేస్తే పట్టుకోవచ్చు, పుచ్చినదాన్ని తట్టి చూడాలి. డొల్ల చప్పుడు వస్తుంది.

వరంగల్ సభ్యుడు:
మా దిక్కు కూడ పుచ్చు, చివుకు రెండూ ఉన్నయి. కాని నాకు వేరే ముచ్చట గుర్తుకొచ్చింది. హ్యూస్టన్ అన్న డెక్కు అన్నడు, దాన్ని తెలుగుల ఏమనాలె అని ఎవరో ఒకరు అడుగుతరు, ముందే చెప్తున్న: డెక్కే అనుండ్రి, పెరటి వేదిక గిట్ల పెట్టకుండ్రి. కాని దాని కింద ఉన్న సామానుకు మాత్రం మనకు పేర్లున్నయి. పాత మట్టి మిద్దెల కప్పు ఎట్లుంటది? పెద్ద దూలాలు, వాటి మీద అడ్డంగ దంతెలు, దంతెల మీద పలకలు, పైన మట్టి. ఆ మట్టి తీసేస్తే అచ్చం డెక్కే. రాయలసీమ మిద్దెలల్ల కూడ ఇదే వరుస. అన్నా, పలకలు చూసుడు కాదు, దంతెల పైభాగం చూడు. పలక దంతె మీద కూసున్నకాడ నీళ్ళు ఆగుతయి, అక్కడ్నే ముందు చివుకుతది.

ఇంకోటి. తడికి మెట్ల మీద పచ్చగ పట్టి జారేదాన్ని మేము పాకురు అంటం.

కాకినాడ సభ్యుడు:
మాకు పాకుడు. నాచు అంటే నీళ్ళలో ఉండేది, పాకుడు అంటే తడి నేల మీద పట్టేది. పాచి రెండిటికీ అంటారు, పళ్ళకి కూడా! చెక్క మీద నల్లటి చుక్కలుంటే అవి పాకుడు కాదు, బూజు.

అట్లాంటా సభ్యురాలు:
ఈ పదచర్చ నాకు నిజంగా పనికొచ్చింది. మా డెక్కు పనంతా అయ్యాక చదువుతున్నాను, అదే బాధ.

హ్యూస్టన్ గారూ, మూడు మాటలకీ మూడు మందులు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పైపొరలో పీచుని అతికి ఉంచే లిగ్నిన్‌ని విరగ్గొడతాయి, అదే బూడిదరంగు. అది వెలవడమే, పలక మార్చక్కర్లేదు. ఆక్సిజన్ బ్లీచ్‌తో కడిగి, తర్వాత ఆక్జాలిక్ ఆసిడ్ కలిసిన బ్రైటెనర్ పూస్తే చెక్క అసలు రంగు తేలుతుంది. బట్టల క్లోరిన్ బ్లీచ్ వద్దు, అది బూజుతోపాటు చెక్క పీచునీ తింటుంది. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే పీచు లేచిపోతుంది, ఆ తర్వాత ఉత్తకాళ్ళతో నడిచే పిల్లల పాదాల్లో పేళ్ళు తీస్తూ కూర్చోవాలి.

చివకడం అంటే పుట్టగొడుగుల జాతి శిలీంధ్రం చెక్కని తినడం. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంచగలిగితే దానికి బతుకు లేదు, 30 శాతం దగ్గరికి వచ్చిందా పండగే. పైన్ లాంటి మెత్తటి కర్రలో ఎక్కువగా కనిపించే రకం పీచుకి బలమిచ్చే సెల్యులోజ్‌ని తినేసి గోధుమరంగు తుక్కు మిగులుస్తుంది. పలక నిలువునా అడ్డంగా బీటలు పడి పెళ్ళలుగా వస్తుంది, విరిస్తే బిస్కెట్‌లా పుటుక్కుమంటుంది. ఇంకో రకం లిగ్నిన్‌ని కూడా తింటుంది, అప్పుడు తెల్లటి పీచు మిగులుతుంది. అమలాపురం అక్క చెప్పిన చీర చిరగడానికి ఈ రెండోది దగ్గర.

పొడిచి చూడండి. స్క్రూడ్రైవర్ మొన పావు అంగుళం సులువుగా దిగిందంటే ఆ చోటు పోయినట్టే. పలకల కోసిన మొనలు, మేకుల చుట్టూ, స్తంభాల మొదళ్ళు, అన్నిటికన్నా ముందు ఇంటి గోడకి బిగించిన పట్టె. పలక పోతే కాలు దిగుతుంది, ఆ పట్టె పోతే డెక్కంతా మనుషులతో సహా దిగుతుంది. అది మెత్తగా తగిలితే మీరు చెయ్యొద్దు, తెలిసినవాళ్ళని పిలవండి.

బెంగళూరు సభ్యుడు:
ఇంత మాట్లాడుకుని అసలు పదం వదిలేశారు: చేవ.

చేవ అంటే మొదట బలం కాదు, చెట్టు నడిమి గట్టి భాగం. టేకు మొద్దు అడ్డంగా కోస్తే బయట పాలిపోయిన వలయం, లోపల ముదురు రంగు. ఆ ముదురుదే చేవ. పురుగు ముందు పట్టేది బయటి పాలిపోయిన కర్రనే, పిండిపదార్థం ఉండేది అందులో కనుక. చేవలేనివాడు, చేవచచ్చినవాడు అనే తిట్లు మొద్దు దగ్గర్నించి వచ్చినవే. ఇక్కడ కన్నడంలో కెచ్చు అంటే చెట్టు చేవ, ధైర్యం కూడా. తమిళంలో వైరం అంటే వజ్రం, చెట్టు చేవ కూడా. దృఢంగా ఉన్న ముసలాయన్ని వైరం పాయ్‌న్ద కట్టై అంటారు. పక్కపక్కనున్న మూడు భాషలూ మనిషిని కొలవడానికి వడ్రంగి దగ్గరికే వెళ్ళాయి.

అమలాపురం సభ్యురాలు:
మా కోనసీమలో ఒక్క సవరణ. తాడికి చేవ బయట ఉంటుంది. లోపలంతా మెత్తటి పీచు. తాటి దూలం చీల్చేటప్పుడు నడిమి గుజ్జు చెక్కి పారేసి అంచు కర్రే వాడతారు. అందుకని "చేవ లోపలే ఉంటుంది" అని మా వడ్రంగి దగ్గర అనకండి, నవ్వుతాడు.

అట్లాంటా సభ్యురాలు:
అయితే అమెరికా డెక్కు కర్ర మీ ఇద్దరికీ పేచీ. ఈ దక్షిణ రాష్ట్రాల్లో డెక్కులకి ఎక్కువగా వాడేది సదరన్ ఎల్లో పైన్. దానిలో బయటి కర్రే ఎక్కువ, సహజంగా తడికి ఆగదు. అందుకే పెద్ద గొట్టంలో పెట్టి ఒత్తిడితో మందు ఎక్కిస్తారు. చిత్రం ఏమిటంటే, మందు ఆ చేవలేని బయటి కర్రలోకే దిగుతుంది, చేవలోకి సరిగ్గా దిగదు. టేకు లెక్కలో చేవ ఉన్న పలక ఏరుకోవాలి. ఇక్కడ మందు బాగా తాగిన చేవలేని పలకే ఎక్కువకాలం నిలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2003 చివరి దాకా ఇళ్ళ కలపకి ఎక్కించింది ఆర్సెనిక్ ఉన్న సీసీఏ మందు. ఆ తర్వాత ఇళ్ళ వాడకానికి ఆపేసి, రాగి ప్రధానమైన వేరే మందులకి మారారు. మీ డెక్కు అంతకు ముందుదైతే మాస్కు లేకుండా సాండింగ్ చెయ్యొద్దు, ఊడదీసిన చెక్కని భోగిమంటలో అసలే వెయ్యొద్దు. మన అసోసియేషన్ల భోగికి "పాత చెక్క ఉంది, తెస్తాను" అనే ఉదారులు ప్రతి ఊళ్ళో ఉంటారు. ఆ పొగ, ఆ బూడిద రెండూ విషమే.

హ్యూస్టన్ సభ్యుడు:
అందరికీ ధన్యవాదాలు. స్క్రూడ్రైవర్ పట్టుకుని డెక్కు కిందికి దూరి వచ్చాను. గోడ పట్టె గట్టిగా ఉంది, దేవుడి దయ. దంతెలు రెండు, వరంగల్ అన్న చెప్పిన చోటే, పైభాగం చివికాయి. మెట్ల పలకలు చివికాయి. మిగతావి వెలిసినవే. పుచ్చు ఎక్కడా లేదు, చెదలూ లేవు. నాన్నగారికి ఇదే వరసలో చెప్పాను. "మరి ముందే చెప్పొచ్చుగా" అన్నారు.

ఇంకో ప్రశ్న. పక్కింటాయన పైన మందంగా డెక్ పెయింట్ వేసెయ్యమంటున్నాడు, పగుళ్ళన్నీ కప్పేస్తుందట.

విజయనగరం సభ్యుడు:
పైన పటారం, లోన లొటారం!

అట్లాంటా సభ్యురాలు:
అదే మాట నేనూ రాయబోతున్నాను. రంగు పైన పొర కడుతుంది. ఎండకీ తడికీ చెక్క అడ్డంగా ఉబ్బి తగ్గుతూ ఉంటుంది, పొర చీలుతుంది, చీలికలోంచి దిగిన నీళ్ళు బయటికి రాలేక కిందే ఉంటాయి. రెండు మూడు వేసవులకి పెచ్చులూడుతుంది, ఈలోపు కింద చివుకుతూనే ఉంటుంది. మన వాతావరణానికి చెక్క తాగే నూనె స్టెయినే మంచిది. అది పోయినా వెలుస్తుందే తప్ప పెచ్చులూడదు, కడిగి మళ్ళీ పుయ్యొచ్చు. కొంచెం రంగున్నది తీసుకోండి, నీళ్ళలాంటి క్లియర్‌ది ఎండని ఆపదు.

పుయ్యబోయే ముందు చెక్క మీద నాలుగు నీటిచుక్కలు వెయ్యండి. తాగేస్తే నూనె కూడా తాగుతుంది, ముత్యాల్లా నిలబడితే ఆగండి. తేమ మీటరు దొరికితే 15 శాతం లోపు చూసుకోండి. హ్యూస్టన్‌లో అందుకు జూలై కన్నా అక్టోబరు, నవంబరు నయం.

రాజమండ్రి సభ్యుడు:
వృత్తిరీత్యా వడ్రంగిని. ఇక్కడ మాట్లాడుతున్నదంతా చూస్తున్నాను. చిత్రిక పట్టాలా అని బాబుగారు ఆలోచిస్తున్నారేమో, వద్దు. మేకులున్న పలక మీద చిత్రిక పడితే దాని పదును పోతుంది. వెలిసిన పలకకి గరుకు కాగితం చాలు, 60 నంబరు, మహా అయితే 80. తలుపుకి పట్టినట్టు నునుపు చేస్తే నూనె దిగదు. కొత్త పలక కోసిన చోట మొనకి మందు తప్పకుండా రాయండి. కర్ర నీళ్ళు ఎక్కువగా తాగేది మొన నించే, పక్కల నించి తక్కువ. పలక తడిగా వచ్చిందంటే ఆనించి బిగించండి, ఆరాక సందు అదే పడుతుంది. ఆరిన పలకైతే మేకు మందం సందు వదలండి.

అట్లాంటా సభ్యురాలు:
మేస్త్రిగారూ, మీరు ముందే వచ్చుంటే నేనింత రాయాల్సిన పనే లేదు. ఒక్కటి కలుపుతాను: రాగి మందు ఎక్కించిన చెక్కకి మామూలు ఇనప మేకు కొడితే త్వరగా తుప్పు పడుతుంది. జింకు పూత మందంగా ఉన్నవి, లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ మరమేకులు వాడండి. దంతెల పైన తారు టేపు అంటించి అప్పుడు పలకలు బిగించండి.

కాకినాడ సభ్యుడు:
మా వైపు పడవలకి సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పట్టించేవారు. డెక్కు పగుళ్ళలోకి లప్పం పెట్టొచ్చా?

రాజమండ్రి సభ్యుడు:
వద్దండి. పడవలోకి నీళ్ళు రాకూడదు, అందుకని పూడుస్తారు. డెక్కు మీది నీళ్ళు కిందికి పోవాలి, సందులు ఉండాల్సిందే. చెక్కలో సన్నటి నెర్రెలు ఉంటే వదిలెయ్యండి. చివికిన చోట లప్పం పెడితే లప్పం ఉంటుంది, చుట్టూ కర్ర పోతుంది.

నూనె పూసిన గుడ్డలు ముద్ద చేసి గ్యారేజీలో పడెయ్యకండి. అవిసె నూనె కలిసిన గుడ్డ ఆరుతూ వేడెక్కి తనంతట తనే అంటుకుంటుంది. తీగ మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారెయ్యండి.

హ్యూస్టన్ సభ్యుడు:
నోట్ చేసుకున్నాను మేస్త్రిగారూ. దంతెలకి చెక్క ఆర్డరిచ్చాను, శనివారం వస్తుంది.