లెగ్ క్రాంప్స్: ఆర్25.2నా, ఎం62.831నా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అవుట్‌పేషెంట్ చార్ట్ ఒకదానికి ఏ ఐసీడీ-10-సీఎం కోడ్ (జబ్బులకీ లక్షణాలకీ ఇచ్చే కోడ్) వేయాలో తేలడం లేదు. హెచ్‌పీఐలో (ప్రస్తుత సమస్య వివరాలు రాసే భాగం) డాక్టర్ వివరంగానే రాశారు: రాత్రి నిద్రలో పిక్కలు పట్టేసి మెలకువ వచ్చేస్తోంది, లేచి కాలు సాగదీస్తే గానీ వదలడం లేదు. పేషెంట్ ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) వాడుతున్నారు. అసెస్‌మెంట్‌లో మాత్రం “లెగ్ క్రాంప్స్, హైపోకలీమియా అయ్యుండొచ్చు, ల్యాబ్ పంపాం” అని వదిలేశారు. పిక్క అన్నారు కాబట్టి ఎం62.831 (పిక్క కండరం స్పాజమ్) వేసేయమంటోంది మా కొలీగ్. నాకు జీ47.62 (నిద్రకు సంబంధించిన లెగ్ క్రాంప్స్) అనిపిస్తోంది. ఈ87.6 (హైపోకలీమియా, అంటే రక్తంలో పొటాషియం తగ్గడం) కూడా కలపొచ్చా?

జవాబు 1:
ఈ87.6 వద్దు. “అయ్యుండొచ్చు”, “అనుమానం” అని రాసినవాటిని అవుట్‌పేషెంట్‌లో కోడ్ చేయం. ల్యాబ్‌లో పొటాషియం తక్కువ వచ్చినా అంతే, డాక్టర్ దాన్ని డయాగ్నోసిస్‌గా రాయాల్సిందే.

జవాబు 2 (ఆడిటర్):
ముందు ఇండెక్స్ (కోడ్ పుస్తకంలోని అక్షరక్రమ సూచిక) తీయండమ్మా. క్రాంప్ కింద కండరం, కాళ్లూచేతులు చూస్తే ఆర్25.2కి వెళ్తుంది. స్పాజమ్ కింద కండరం చూస్తే ఎం62.838, పిక్క అయితే ఎం62.831, నడుము అయితే ఎం62.830. మీ డాక్టర్ స్పాజమ్ అనలేదు. పైగా ఎం62 పైన ఎక్స్‌క్లూడ్స్1లో (కలిపి వేయకూడని కోడ్‌ల జాబితా) ఆర్25.2 ఉంది, కాబట్టి రెండూ కలిపి వేసే దారి కూడా లేదు. (ఎం62.831లో కుడి ఎడమ తేడా లేదు, దాని కోసం వెతక్కండి.)

జీ47.62 మీద మీకు వచ్చిన అనుమానం మంచిదే. కానీ నిద్రకు ముడిపెట్టాల్సింది డాక్టర్, మనం కాదు. హెచ్‌పీఐలో రాత్రి అని కనిపించినంత మాత్రాన స్లీప్ డిజార్డర్ కోడ్ తగిలించడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. ఆ కోడ్ పేషెంట్ రికార్డులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, తర్వాత చూసే డాక్టర్ దాన్నే నమ్ముతారు. డాక్టర్‌కి క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ మేడమ్. “ఇవి స్లీప్ రిలేటెడ్ లెగ్ క్రాంప్స్ కదా, కన్ఫర్మ్ చేయగలరు” అని పంపనా?

ఆడిటర్:
అలా వద్దు, అందులో జవాబు మీరే చెప్పేస్తున్నారు. హెచ్‌పీఐలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెట్టి, “ఈ క్రాంప్స్ రకం, కారణం మీ క్లినికల్ జడ్జ్‌మెంట్ ప్రకారం తెలపగలరు” అని అడగండి. ఆప్షన్లు ఇస్తే నిద్రకు సంబంధించినవి, మందు వల్ల వచ్చినవి, ఇతరం, చెప్పలేం, అన్నీ ఉండాలి. రేపు ల్యాబ్ చూసి ఫ్యూరోసెమైడ్ వల్ల హైపోకలీమియా అని డాక్టరే అడెండమ్ (చార్ట్‌కి తర్వాత చేర్చే నోట్) రాస్తే ఈ87.6 ముందు, దాని వెనక అడ్వర్స్ ఎఫెక్ట్‌కి (మందు దుష్ప్రభావానికి) టీ50.1ఎక్స్5ఏ. ఏ జవాబూ రాకపోతే ఆర్25.2తోనే క్లోజ్ చేయండి.