ల్యాప్‌టాప్ కంపెనీదే, అంతమాత్రాన ప్రతి నిమిషం చూడొచ్చా? మీరేమంటారు

రాత్రిషిఫ్ట్
మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ ఉందని మొన్న అప్రైజల్ మీటింగ్‌లో కూర్చునేదాకా నాకు తెలీదు. మేనేజర్ ఒక చార్ట్ ఓపెన్ చేశారు, పచ్చగా ఉంటే యాక్టివ్ అంట ఎర్రగా ఉంటే ఐడిల్ అంట, నాది ఒకరోజు మధ్యాహ్నం మొత్తం ఎరుపే. ఆ టైమ్‌లో నేను క్లయింట్ పంపిన పెద్ద డాక్యుమెంట్ ప్రింట్ తీసుకుని పెన్నుతో గీతలు పెట్టుకుంటూ చదువుతున్నా, మౌస్ కదల్లేదు కాబట్టి పని చెయ్యనట్టే లెక్క. అదే సాఫ్ట్‌వేర్ మధ్యమధ్యలో స్క్రీన్‌షాట్లు కూడా తీస్తుందని తర్వాత తెలిసింది. బ్రేక్‌లో బ్యాంకు పేజీ, ఒకసారి అమ్మ మెడికల్ రిపోర్ట్ కూడా అందులోనే ఓపెన్ చేశాను, అవన్నీ ఎవరు చూశారో ఏమో. ల్యాప్‌టాప్ వాళ్లదే, కాదనను. చెప్పకుండా ఇలా చెయ్యొచ్చా అన్నదే నా ప్రశ్న.

సిస్టమ్‌అడ్మిన్_అన్న
తమ్ముడూ, నేను ఆ సాఫ్ట్‌వేర్ పెట్టే సైడ్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. కస్టమర్ డేటా బయటికి పోతే ముందు పట్టుకునేది మా పీకే. ఎవరో ఉద్యోగం మానేసే ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటారు, ఇంకెవరో పాస్‌వర్డ్ కాజేసే ఫిషింగ్ లింక్ నొక్కుతారు, ఎవరేం చేశారో రాసిపెట్టే లాగ్స్ లేకపోతే ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? చాలా కంపెనీల్లో బ్రౌజింగ్ ట్రాఫిక్ కంపెనీ సర్టిఫికెట్ ద్వారా డీక్రిప్ట్ అయ్యే పోతుంది, అంటే కంపెనీ చదవగలదు, అడ్రస్ బార్‌లో తాళం గుర్తు కనిపించినా సరే. అందుకే ఆఫీసు మెషీన్‌లో సొంత పనులు పెట్టుకోవద్దని మొత్తుకుంటాం. జాయినింగ్ రోజు మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఈ పాలసీ ఉండే ఉంటుంది, చూస్కోండి.

చట్టంచూడు
సంతకం పెట్టాం కదా అనే మాట దగ్గర ఆగాలండి. ఆఫర్ చేతిలో పెట్టి పాతిక పేజీల కాగితం ముందుంచితే వద్దు అనగలిగేవాళ్లు ఎవరు? యూరప్‌లో ఉద్యోగి ఇచ్చిన సమ్మతిని రెగ్యులేటర్లు అంత తేలిగ్గా ఒప్పుకోనిది కూడా ఇందుకే.

బర్బులెస్కు కేసు చూడండి. రొమేనియాలో ఒక ఇంజనీర్, కస్టమర్లతో మాట్లాడటానికి కంపెనీయే యాహూ మెసెంజర్ అకౌంట్ తెరవమంది. 2007లో ఆ మెసేజ్‌లు రికార్డు చేసి, సోదరుడితో, పెళ్లి చేసుకోబోయే అమ్మాయితో మాట్లాడినవి 45 పేజీలు ప్రింట్ తీసి ముందు పెట్టి ఉద్యోగం తీసేశారు. సొంత పనులకి వాడకూడదని రూల్ ఉంది, అది అతనికి తెలుసు కూడా. అయినా 2017 సెప్టెంబర్‌లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు గ్రాండ్ ఛాంబర్, అంటే ఆ కోర్టు పెద్ద బెంచ్, అతని వైపే తీర్పిచ్చింది. నిఘా అసలు పెట్టకూడదని కోర్టు అనలేదు. ముందుగా చెప్పారా, ఎంత లోతుగా చూశారు, కారణమేంటి, ఇంతకంటే తక్కువ చొరబాటుతో పని అయ్యేది కాదా, ఇవన్నీ అక్కడి కోర్టులు సరిగ్గా చూడలేదంది.

మన దగ్గర 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కు అయ్యింది గానీ 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సెక్షన్ 7 ఉద్యోగ అవసరాలకీ, కంపెనీని నష్టం నుంచి కాపాడుకోడానికీ సమ్మతి లేకుండానే డేటా వాడుకోనిస్తుంది. అంటే మీ సంతకం కూడా అక్కర్లేదు చాలాచోట్ల. నాకైతే ఇది చాలా పెద్ద తలుపు తెరిచి పెట్టినట్టే అనిపిస్తుంది.

సిస్టమ్‌అడ్మిన్_అన్న
ఒకవైపే చెప్తే ఎలాగండి. స్పెయిన్ సూపర్‌మార్కెట్ కేసు ఉందిగా, స్టాకు పోతుంటే క్యాషియర్ల మీద రహస్యంగా కెమెరాలు పెట్టారు, 2019లో అదే కోర్టు అది తప్పు కాదంది.

చట్టంచూడు
నిజమే, ఒప్పుకుంటా. కానీ అక్కడ నష్టం కళ్ల ముందుంది, గట్టి అనుమానం ఉంది, ఆ రహస్య కెమెరాలు నడిచింది కొద్ది రోజులే. రాత్రిషిఫ్ట్ గారి మీద ఏం అనుమానం ఉందని?

టీమ్‌లీడ్_పద్మ
నేను టీమ్ నడిపిస్తా, ఆ చార్ట్ నాకూ వస్తుంది, నేను తెరవను. ఎందుకంటే మా టీమ్‌లో కష్టమైన బగ్ పట్టుకునే పిల్ల ఎప్పుడూ ఎరుపులోనే ఉంటుంది, ఆలోచిస్తూ కూర్చుంటుంది కాబట్టి, ఇంకొకతను మౌస్ కదిలించే చిన్న మెషీన్ కొనుక్కుని రోజంతా పచ్చగా మెరుస్తుంటాడు. దీన్ని చూసి రేటింగ్ ఇస్తే ఎవరికి అన్యాయం జరుగుతుందో మీరే చెప్పండి.

అన్నా, మీరు సెక్యూరిటీ అంటున్నారు, సరే, పెన్‌డ్రైవ్ లాగ్ పెట్టుకోండి, లాగిన్ లాగ్ పెట్టుకోండి. సెక్యూరిటీ పేరు చెప్పి తీసుకున్నది అప్రైజల్‌లోకి ఎలా వచ్చింది? నా గొడవంతా ఇక్కడే. జర్మనీలో హెచ్ అండ్ ఎం అనే బట్టల కంపెనీ వాళ్ల సర్వీస్ సెంటర్ సంగతి గుర్తుందా, సెలవు నుంచి తిరిగొచ్చిన వాళ్లతో సూపర్‌వైజర్లు కుశల ప్రశ్నల్లా మాట్లాడి, వాళ్లకున్న జబ్బులు, ఇంటి గొడవలు, మత విశ్వాసాలు అన్నీ రాసి దాచుకుని ఉద్యోగ నిర్ణయాల్లో వాడారు. 2019లో ఏదో సెట్టింగ్ తప్పై ఆ ఫైళ్లు కొన్ని గంటలపాటు కంపెనీ మొత్తానికి కనపడ్డాయి కాబట్టి బయటపడింది, 2020లో 3 కోట్ల 53 లక్షల యూరోల జరిమానా పడింది. బాగున్నావా అమ్మా అని అడిగి ఆ జవాబుని ఫైల్‌లో పెట్టడం ఎంత ఘోరమండీ.

సిస్టమ్‌అడ్మిన్_అన్న
పద్మ గారూ, లాగ్ హెచ్ఆర్‌కి పోవడం నాకూ నచ్చదు, మమ్మల్ని అడిగి పంపరు, పైనుంచి మెయిల్ వస్తుంది ఇచ్చెయ్యాలి అంతే. కానీ స్క్రీన్‌షాట్ పూర్తిగా తీసెయ్యమంటే ఒప్పుకోను, పేమెంట్ డేటా చూసే సీట్లకి అది కావాలి.

కొత్తగాచేరా
మధ్యలో వస్తున్నా సారీ. నా సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ పెట్టుకోమన్నారు, ఏదో అడ్మిన్ పర్మిషన్ అడుగుతోంది, ఓకే చెయ్యొచ్చా?

సిస్టమ్‌అడ్మిన్_అన్న
ఆండ్రాయిడ్ అయితే వర్క్ ప్రొఫైల్ మాత్రమే పెట్టమని అడుగు. అందులో ఆఫీసు యాప్స్ విడిగా ఉంటాయి, నీ ఫొటోలు చాట్లు మాకు కనపడవు, నువ్వు మానేస్తే ఆ భాగమే తుడిచేస్తాం. ఫోన్ మొత్తం మేనేజ్‌మెంట్‌లోకి ఇస్తే మాత్రం ఫోన్ మొత్తం తుడిచే బటన్ మా దగ్గరుంటుంది. దానికి ఒప్పుకోకు, కంపెనీ ఫోనే ఇమ్మను.

రాత్రిషిఫ్ట్
అందరికీ థ్యాంక్స్. పాలసీ వెతికాను, సిస్టమ్స్ పర్యవేక్షణకు లోబడి ఉంటాయి అని ఒక్క లైన్ ఉంది, స్క్రీన్‌షాట్ అన్న మాటే లేదు. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను: ఏమేం తీస్తున్నారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, అప్రైజల్‌లో వాడతామని ఎక్కడ చెప్పారు, మెడికల్ రిపోర్ట్ ఉన్న స్క్రీన్‌షాట్ తీసేస్తారా అని. ఈ ఆఖరిది అడగడం తప్పేం కాదు కదా, ఆఫీసు మెషీన్‌లో నేనే తెరిచాను అని తిప్పి కొడతారేమోనని భయంగా ఉంది.

టీమ్‌లీడ్_పద్మ
అడగండి, భయమెందుకు. అది మీ అమ్మగారి రిపోర్ట్, ఆవిడ మీ కంపెనీలో ఉద్యోగి కూడా కాదు, ఆవిడ దగ్గర ఎవరు సంతకం తీసుకున్నారు? ఈ మాటే మెయిల్‌లో రాయండి. జవాబు వస్తే ఇక్కడ పెట్టండి.