మోడలింగ్‌లో చేరడానికి ముందే 45 వేలు కట్టమంటున్నారు, కట్టొచ్చా?

విజయవాడ అమ్మాయి:
అందరికీ నమస్తే. డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను, ఎత్తు 5.4. మోడలింగ్ చేయాలని చాన్నాళ్లుగా ఉంది. అమ్మ సరే అంది, నాన్న "ముందు డిగ్రీ కానివ్వు" అన్నారు గానీ వద్దనలేదు. ఇన్‌స్టాలో చూసి హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి ఫొటోలు పంపితే మర్నాడే "సెలెక్ట్ అయ్యారు" అని ఫోన్ చేశారు. పోర్ట్‌ఫోలియోకి (మోడలింగ్ ఫొటోల ఆల్బమ్‌కి), రిజిస్ట్రేషన్‌కి కలిపి 45 వేలట, శనివారంలోగా కడితే నగల షాపు యాడ్ గ్యారంటీ అట. కట్టొచ్చా? అసలు నా హైటుకి పని దొరుకుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

కుచ్చిళ్లక్క:
కట్టకు చెల్లీ. నేను హైదరాబాద్‌లో షూటింగులకి చీరలు కట్టే పని చేస్తాను, ఇలా డబ్బు పోగొట్టుకుని వచ్చిన పిల్లల్ని చూస్తూనే ఉంటాను. సరైన ఏజెన్సీ నీకు పని ఇప్పించి, వచ్చినదాంట్లో కమీషన్ తీసుకుంటుంది, మామూలుగా 20 శాతం అటూ ఇటూ. ముందే డబ్బు చేతికొచ్చేస్తే నీకు పని వెతికే అవసరం వాళ్లకేముంది? పైగా యాడ్‌లో ఎవరిని పెట్టుకోవాలో తేల్చేది ఆ షాపువాళ్లూ, యాడ్ తీసేవాళ్లూ. మధ్యలో వీళ్లెవరు గ్యారంటీ ఇవ్వడానికి!

నీకిప్పుడు పోర్ట్‌ఫోలియో అక్కర్లేదు, డిజిటల్స్ చాలు, అంటే హంగుల్లేని మామూలు ఫొటోలు, కొందరు పోలరాయిడ్స్ అంటారు. పగటి వెలుతురులో ప్లెయిన్ గోడ ముందు, మేకప్ లేకుండా, ఫిల్టర్ లేకుండా, ఒంటికి పట్టే టీషర్టు, జీన్స్ వేసుకుని ముఖం దగ్గర్నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి, నిలువెత్తుది ఒకటి, జుట్టు కట్టుకుని, వదిలేసి. పేరు, ఊరు, ఎత్తు చెప్తూ చిన్న వీడియో. మీ అమ్మ ఫోన్లో తీసినా సరిపోతుంది, కాకపోతే ఫోన్ నడుము ఎత్తులో పట్టుకోమను, పైనుంచి తీస్తే పొట్టిగా పడతావు.

హైటు సంగతి. ముంబైలో లాక్మే ఫ్యాషన్ వీక్ లాంటి ర్యాంపులకి పొడుగు పిల్లల్నే తీసుకుంటారు, అక్కడ నీకు కష్టమే, అబద్ధం చెప్పను. కానీ మన దగ్గర రోజూ ఉండే పని ర్యాంపు కాదు, పట్టుచీరల షాపులు, బొటిక్ కేటలాగులు, నగలు. నగలకైతే మెడ, చెవులు, చేతులు బాగుండాలి, ఎత్తు ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

కేటలాగ్ షూట్ అంటే గ్లామర్ అనుకునేవు. పొద్దున్నే మేకప్ కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి ముప్పై, నలభై చీరలు మారుస్తాం. బ్లౌజు లూజైతే వెనక క్లిప్పులు పెట్టి బిగిస్తాం, కెమెరాకి వీపు కనబడదుగా. మధ్యాహ్నం దాటేసరికి కాళ్లు లాగేస్తుంటాయి, ముఖంలో మాత్రం పెళ్లికళ తగ్గకూడదు. కొత్తవాళ్లందరికీ వచ్చే చిక్కు చేతులతోనే, ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. అద్దం ముందు పల్లూ పట్టుకుని అలవాటు చేసుకో.

నాన్నగారి మాట కూడా తీసేయకు. 2020 ఫెమినా మిస్ ఇండియా వరల్డ్ గెలిచిన మన హైదరాబాద్ అమ్మాయి మానస వారణాసి ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం చేస్తూ పోటీకి వెళ్లింది.

ఆడిటర్ బాబాయ్:
పని వచ్చాక సంగతి నేను చెప్తానమ్మా. ఫొటోలు ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు వాడతారు అన్నది కాగితం మీద ఉండాలి, కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకో. ఇన్‌స్టాకని చెప్పి రోజుకూలీ లెక్కన డబ్బులిచ్చి, ఆర్నెల్ల తర్వాత అదే ఫొటోని హోర్డింగు ఎక్కిస్తారు, అప్పుడు అడిగితే "అన్నీ కలిపే ఇచ్చాంగా" అంటారు. ఏడాదిపాటు ఇంకే నగల షాపుకీ చేయకూడదని షరతు పెడితే దానికి వేరే డబ్బు అడగాలి. పెద్ద కంపెనీల నుంచి డబ్బు రావడానికి రెండు, మూడు నెలలు పట్టినా కంగారు పడకు. టీడీఎస్ అని పన్ను కింద కొంత ముందే కోసుకుని ఇస్తారు, నీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ కార్డు లేకపోతే ఇప్పుడే తీసుకో.

విజయవాడ అమ్మాయి:
థాంక్స్ అక్కా, థాంక్స్ బాబాయ్. కానీ బుకింగ్ కోసమని 2 వేలు నిన్ననే ఫోన్‌పే చేసేశాను, ఆధార్ కూడా అడుగుతున్నారు. ఇప్పుడేం చేయాలి?

కుచ్చిళ్లక్క:
ఆధార్ పంపకు. ఆ 2 వేలు వెనక్కివ్వమని మెసేజ్ పెట్టు, ఫోన్లో మాట్లాడకు, రాతపూర్వకంగా ఉండాలి. ఇవ్వకపోయినా, బ్లాక్ చేసినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వు, స్క్రీన్‌షాట్లు, ట్రాన్సాక్షన్ నంబరు దగ్గర పెట్టుకో. ఎవరైనా "బోల్డ్ ఫొటోలు" పంపమంటే సమాధానం కూడా ఇవ్వక్కర్లేదు. ఆడిషన్‌కి అమ్మనో ఫ్రెండ్‌నో తీసుకెళ్లు, తోడు వస్తే కుదరదన్న చోటికి వెళ్లొద్దు.

విజయవాడ అమ్మాయి:
సరే అక్కా. మరి మొదటి ఫొటోలకి హైదరాబాద్ రావాలా?

కుచ్చిళ్లక్క:
ఎందుకు? విజయవాడలోనే పెళ్లికూతురి మేకప్ చేసేవాళ్లు బోలెడంత మంది. వాళ్లకీ ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి కొత్త ముఖాలు కావాలి. మేకప్ వాళ్లది, ఫొటోగ్రాఫర్ వాళ్లే తెచ్చుకుంటారు, డబ్బు అటూ ఇటూ ఉండదు, నీకు మంచి ఫొటోలు నాలుగు మిగులుతాయి. ఎడిట్ చేసిన ఫొటోలు ఎప్పటిలోగా ఇస్తారో ముందే అడుగు, లేకపోతే నెలలు తిప్పుతారు. పరీక్షలయ్యాక మొదలుపెట్టు, డిజిటల్స్ తీశాక ఇక్కడ పెట్టకుండా నాకు ఇన్‌బాక్స్ చేయి, చూసి చెప్తాను.