కుప్ప మీద ధార పెంచితే రాగి ఎక్కువ దిగుతుందా?

రాయగడ కుర్రాడు: మైనింగ్ డిప్లొమా చివరి ఏడాది, హీప్ లీచింగ్ మీద సెమినార్. నలగ్గొట్టిన రాగి ఖనిజాన్ని ప్లాస్టిక్ షీటు మీద కుప్ప పోసి, పైనుంచి పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్ పారించి, అడుగున రాగి ద్రావణం పట్టుకుంటారు. ధార పెంచితే పని త్వరగా అవుతుందన్నాను. సారు కాదన్నారు.

గుణుపురం డ్రిప్: సారు మాటే రైటు తమ్ముడూ. పత్తి చేలకు డ్రిప్ వేసే పని నాది. ఇసుక నేలలో నీరు నిలువునా దిగిపోతుంది, బంకనేలలో వెడల్పుగా పాకుతుంది. ఆ కుప్పలోనూ పెద్ద రాళ్లు, సన్నపొడి రెండూ కలిసే ఉంటాయి.

కోరాపుట్ బాబాయ్: చేనుతో పోలికేంటయ్యా? చదరపు మీటరుకు గంటకు 10 లీటర్లు అక్కడ మామూలే. అంటే రోజుకు 240 మిల్లీమీటర్ల వాన! వాతావరణ శాఖ 204.5కే అత్యంత భారీ వాన అంటుంది. అంతలో తడవని రాయి ఉంటుందా?

బరంపురం, చిలీ రిటర్న్: ఉంటుంది బాబాయ్. పాత కుప్ప తవ్వితే మధ్యలో పొడి మచ్చలు నేనే చూశాను. ధార తక్కువగా ఉంటే సన్నపొడి నీటిని పీల్చి పట్టుకుంటుంది, ప్రవాహం దాని గుండానే మెల్లగా సాగుతుంది. పెద్ద రాళ్ల సందుల్లో గాలి ఉంటుంది. పొడి మోయగలిగినదానికంటే ఎక్కువ పోస్తే మిగిలింది ఆ సందుల్లో పడి, రాగిని సరిగా తాకకుండానే కిందికి జారుకుంటుంది. పైగా పొడిని కొట్టుకెళ్లి ఎక్కడో అడ్డుకడుతుంది, పైన మడుగు నిలుస్తుంది. సల్ఫైడ్ ఖనిజమైతే, అంటే రాగి గంధకంతో కలిసి ఉంటే, కరగడానికి గాలి కావాలి, అది అందక ఇంకో తంటా. అందుకే కొన్నిచోట్ల కొన్నాళ్లు పారించి కొన్నాళ్లు ఆపుతారు. ఆ విరామంలో రాయి లోపలి రాగి మెల్లగా బయటి తడిలోకి వస్తుంది.

కోరాపుట్ బాబాయ్: విరామాలిస్తూ కూర్చుంటే వడ్డీ ఎవడు కడతాడు?

బరంపురం, చిలీ రిటర్న్: ఆ మాట నిజమే. మరీ తగ్గిస్తే డ్రిప్పర్ల మధ్య పైపొర ఎండిపోతుంది కూడా. ధార పెంచాలంటే ముందే ఖనిజాన్ని యాసిడ్, నీళ్లతో డ్రమ్ములో దొర్లించి పొడిని రాళ్లకు అంటించాలి. అది చేయకుండా వాల్వు తిప్పితే లాభం లేదు.

గుణుపురం డ్రిప్: మన దామన్‌జోడి నాల్కో ఫ్యాక్టరీలో కూడా ఇంతేనా?

బరంపురం, చిలీ రిటర్న్: కాదన్నా, అది బాక్సైట్, అల్యూమినియం ఖనిజం. కాస్టిక్ సోడాలో మామూలు గాలి ఒత్తిడి దగ్గరే ఉడికిస్తారు.

రాయగడ కుర్రాడు: రెండు పీవీసీ పైపుల్లో ఇసుక, కంకర పక్కపక్కనే నింపి నీలిరంగు నీళ్లు పోస్తా. ఒకదానికి చుక్కలు, ఒకదానికి ధార. ఫొటోలు ఆదివారం పెడతా.

కోరాపుట్ బాబాయ్: పెట్టు. అప్పటిదాకా నేను ఒప్పుకోను.