బీడు పడిన చెనక్కాయ చేను అడవి అవుతుందా?

చంద్రగిరి రైతుబిడ్డ:
చంద్రగిరి దగ్గర మాకు రెండెకరాల మెట్టచేను ఉంది. బోరు ఎండిపోవడంతో చెనక్కాయ వేయడం మానుకొని తొమ్మిదేళ్లయింది. మొదటి ఏడాది గడ్డి, పల్లేరు తప్ప మరేమీ మొలవలేదు. మూడో ఏటికి వెంపలి చేనంతా కమ్ముకొంది, ఆ తర్వాత తంగేడు, రేగుకంప లేచాయి. ఇప్పుడు వెంపలి వెతికితే గాని కనిపించదు. ఎవరూ నాటకపోయినా ఒక రేగుపొద నడుమ మూడు వేపమొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. ఇలా ఒకటి పోయి మరొకటి రావడానికి కారణమేమిటి? కంప కొట్టించాలని నాన్నగారు అంటున్నారు. అలాగే వదిలేస్తే ఇది శేషాచలం అడవిలా మారుతుందా?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, తిరుపతి:
ఇలా మట్టి ఉన్న నేలలో ఒక మొక్కల గుంపు పోయి మరొకటి రావడాన్నే ద్వితీయ అనుక్రమం అంటారు. తిరుమల కొండల్లో వట్టి బండ మీద లైకెన్లు, నాచు పట్టి పిడికెడు మట్టి పేరుకోవడానికే ఎంతో కాలం పడుతుంది. మీ చేనులో మట్టి, అందులో నిద్రిస్తున్న విత్తనాలు ముందే ఉన్నాయి కనుక మార్పు మీ కళ్లెదుటే జరిగింది. ఒక వెంపలి మొక్కను వేళ్లతో పెకలించి చూడండి. వేళ్లకున్న చిన్న బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది, ఆకు రాలి కుళ్లినప్పుడు అది నేలకు చేరుతుంది. అయితే వెంపలికి ఎండ కావాలి. పైన పొదల నీడ కమ్మితే, తాను బాగుచేసిన నేలలోనే అది నిలవలేదు. ఇక వేపపండ్లు తిన్న పక్షులు రేగుకొమ్మల మీద వాలి గింజలు విడుస్తాయి, మొలిచిన మొక్కకు ఆ ముళ్లే మేకల నుంచి రక్షణ. దయచేసి ఆ పొదను కొట్టించవద్దు.

పాకాల నివాసి:
రెండో ప్రశ్నకు నా సమాధానం. ప్రాంతపు వాతావరణాన్ని బట్టి ప్రతి నేలా చివరకు ఒకే రకమైన చరమ సముదాయానికి, అంటే ఇక మారకుండా నిలిచిపోయే మొక్కల గుంపుకు చేరుతుందని 1916లో అమెరికా వృక్షశాస్త్రవేత్త క్లెమెంట్స్ ప్రతిపాదించారు. ఏ జాతి దారి దానిదేనని, అందిన విత్తనాన్ని, పరిసరాన్ని బట్టి మొక్కల కూర్పు మారుతుందని 1926లో మరో అమెరికా వృక్షశాస్త్రవేత్త గ్లీసన్ వాదించారు. నాకు గ్లీసన్ మాటే సబబుగా తోస్తుంది. శేషాచలంలోని ఎర్రచందనం నీరు నిలవని రాతివాలుల్లో పెరిగే చెట్టు, దాని విత్తనం మీ చేనుకు చేరాలి కదా! అన్నిటికన్నా సర్కారు తుమ్మను కనిపెట్టి ఉండండి. అది చేనును ఆక్రమిస్తే మిగతా మొక్కలకు చోటుండదు, పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది.

చంద్రగిరి రైతుబిడ్డ:
మీ ఇద్దరి జవాబులు నాన్నగారికి చదివి వినిపించాను. రేగుపొదలను ముట్టుకోకుండా, గట్టు వెంబడి ఉన్న సర్కారు తుమ్మను మాత్రం వేళ్లతో సహా తీయిస్తామన్నారు.