విశ్వశాస్త్రం గీత గీశాక ట్రిటియంతో ఇంకా పనేముంది?

చుక్కలపటం:
డెసీ అనే టెలిస్కోపు సర్వే ఇచ్చిన గెలాక్సీల కొలతలకు విశ్వ నేపథ్య వికిరణం (తొలినాటి విశ్వం నుంచి మిగిలిన కాంతి) డేటా కలిపితే 2025లో తేలింది ఇది: మూడు రకాల న్యూట్రినోల (అతి తేలికైన సూక్ష్మ కణాల) ద్రవ్యరాశులు కూడినా 0.064 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్, కణాల శక్తికీ ద్రవ్యరాశికీ వాడే కొలమానం) దాటవు. అదే ఏడాది ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) క్షయాన్ని కొలిచే జర్మనీ ప్రయోగం కాట్రిన్ ఒక్కో న్యూట్రినోకు ఇచ్చిన పైహద్దు 0.45 ఈవీ. మూడింటి మొత్తంగా చూస్తే 1.35. ఇరవై రెట్లు వెనకబడ్డ పద్ధతి మీద ఇంకా ఏళ్లు ధారపోయడం ఎందుకు?

అంచు_ఎలక్ట్రాన్:
ఆ 0.064 షరతు మీద నిలబడ్డ అంకె అండీ. కృష్ణశక్తి (విశ్వ విస్తరణను వేగవంతం చేసేది) స్థిరమనుకుంటేనే అది వస్తుంది. కాలంతో మారనిస్తే అదే డేటా 0.16 అంటుంది. మారుతోందేమోనని అనుమానం లేపింది కూడా డెసీయే! పైగా డోలనాల (న్యూట్రినోలు ఒక రకం నుంచి మరో రకానికి మారడం) లెక్కన మొత్తం 0.059కి తగ్గడానికి వీల్లేదు. విశ్వశాస్త్ర డేటాకు పగ్గాలు వదిలితే రుణ ద్రవ్యరాశి వైపు మొగ్గుతోంది. ఎక్కడో మెలిక ఉందన్నమాట.

ట్రిటియంలో ఆ గొడవ లేదు. అది క్షయించినప్పుడు ఎలక్ట్రాన్, న్యూట్రినో శక్తిని పంచుకుంటాయి. ఆ బీటా ఎలక్ట్రాన్ గరిష్ఠ శక్తి సుమారు 18.6 కేఈవీ (వేల ఈవీలు). న్యూట్రినోకు ద్రవ్యరాశి ఉంటే ఎలక్ట్రాన్ శక్తుల వర్ణపటం కొస ఆకారం మారి, కాస్త ముందే తెగుతుంది. శక్తి నిత్యత్వం చాలు, విశ్వం ఎలా పుట్టిందన్న నమూనాతో పనిలేదు.

చుక్కలపటం:
నమూనా లేదు సరే, సంకేతం ఏదీ? చివరి 1 ఈవీలో పడేది దాదాపు 5 లక్షల కోట్ల క్షయాల్లో ఒక్కటి. బ్యాక్‌గ్రౌండ్ (సంకేతం కాని లెక్కింపులు) సెకనుకు 0.01 ఉండాలని కాట్రిన్‌ను డిజైన్ చేశారు, నడిపాక పది రెట్లు దాటింది.

అంచు_ఎలక్ట్రాన్:
దాటింది, కారణమూ దొరికింది. 10 మీటర్ల వ్యాసమున్న కాట్రిన్ స్పెక్ట్రోమీటర్ (ఎలక్ట్రాన్లను శక్తిని బట్టి వడపోసే పాత్ర) గోడలకు నిర్మాణ కాలంలో గాలిలోని రేడాన్ వల్ల సీసం-210 అంటుకుంది. దాని వారసుడు పొలోనియం-210 ఆల్ఫా కణం విసిరినప్పుడు గోడ నుంచి ఉత్తేజిత పరమాణువులు ఊడిపడతాయి. వాటిని అయనీకరించడానికి గది వేడిమి వికిరణమే చాలు. అలా పుట్టిన ఎలక్ట్రాన్లకు శక్తి అత్యల్పం, కానీ డిటెక్టర్ వైపు దూకేటప్పుడు వేగం పుంజుకుని అసలు సంకేతంలాగే కనిపిస్తాయి. సీసం-210 అర్ధాయువు 22 ఏళ్లు కాబట్టి ఎదురుచూసి లాభం లేదు. వడపోత తలాన్ని డిటెక్టర్ వైపు జరిపి, లెక్కలోకి వచ్చే ఘనపరిమాణం తగ్గించారు. బ్యాక్‌గ్రౌండ్ దాదాపు సగమైంది.

పరమాణు_ఉచ్చు:
బ్యాక్‌గ్రౌండ్ కన్నా మొండి అడ్డంకి ట్రిటియం అణువే, అంటే రెండు పరమాణువుల జంట. క్షయం తర్వాత మిగిలే హీలియం-ట్రిటియం అయాన్ కంపిస్తుంది, తిరుగుతుంది, ప్రతిసారీ వేరే మొత్తంలో శక్తి పట్టేసుకుంటుంది. ఎంత గొప్ప వడపోత పెట్టినా ఈ చెదురు పోదు.

అందుకే ప్రాజెక్ట్ 8 అనే మరో ట్రిటియం ప్రయోగం విడి పరమాణువుల కోసం పాకులాడుతోంది. 1 టెస్లా క్షేత్రంలో ఎలక్ట్రాన్ తిరుగుతూ వెలువరించే 27 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం నుంచి శక్తి లెక్కిస్తారు. ఆ సంకేతం వాట్‌లో సుమారు వెయ్యి లక్షల కోట్లవ వంతు! పరమాణువులు గోడకు తగిలితే మళ్లీ అణువులైపోతాయి, కాబట్టి బాగా చల్లబరిచి అయస్కాంతంతోనే పట్టి ఉంచాలి. ఇంకో చిక్కు: అణువుల వర్ణపటం కొస పరమాణువులదాని కంటే దాదాపు 8 ఈవీ పైన. ఉచ్చులో పిసరంత అణువులు మిగిలినా సరిగ్గా చూడాల్సిన చోటే వచ్చి కూర్చుంటాయి. లక్ష్యం 0.04 ఈవీ.

జెర్మేనియం76:
న్యూట్రినో తనకు తానే ప్రతికణమా అన్నది మీ ఇద్దరి పద్ధతులూ చెప్పలేవు. దానికి న్యూట్రినో రహిత ద్వంద్వ బీటా క్షయమే (కేంద్రకం న్యూట్రినోలు లేకుండా రెండు ఎలక్ట్రాన్లు విడవడం) దారి. ద్రవ్యరాశి అంకె కోసం మాత్రం మమ్మల్ని నమ్ముకోవద్దు. కామ్‌ల్యాండ్-జెన్ ప్రయోగం ఈ క్షయానికి జినాన్-136 అర్ధాయువు 3.8×10²⁶ ఏళ్లకు పైనే అంది. అదే ఫలితాన్ని ద్రవ్యరాశిలోకి మారిస్తే హద్దు 28 నుంచి 122 మిల్లీ ఈవీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ నాలుగు రెట్ల తేడా యంత్రానిది కాదు, కేంద్రక సిద్ధాంతానిది. న్యూట్రినో మాజొరానా రకం (తనకు తానే ప్రతికణం) కాకపోతే ఎంత ఎదురుచూసినా సున్నాయే.

చుక్కలపటం:
పరమాణు_ఉచ్చు గారూ, ద్రవ్యరాశులు సాధారణ క్రమంలో (రెండు తేలిక, ఒకటి బరువు) ఉండి, తేలికైన న్యూట్రినో సున్నాకు దగ్గరైతే బీటా క్షయంలో కనిపించేది 0.009 ఈవీయే. మీ 0.04కి అది చిక్కదు.

పరమాణు_ఉచ్చు:
చిక్కదు, నిజమే. క్రమం విలోమమైతే (రెండు బరువు, ఒకటి తేలిక) మాత్రం విలువ 0.05 చుట్టూ ఉండాలి, అంతకన్నా తగ్గదు. అప్పుడు మాకు కనిపించి తీరుతుంది. మొత్తం కూడా కనీసం 0.1 అవుతుంది, మీ 0.064 నిలవదు. 20 వేల టన్నుల ద్రవంతో చైనాలోని న్యూట్రినో డిటెక్టర్ జూనో 2025 ఆగస్టులో మొదలైంది, క్రమం తేల్చడమే దాని పని. అది తేలేలోగా ఉచ్చు పని ఆపమనడానికి కారణం నాకైతే కనిపించట్లేదు.