డ్రమ్ముకి గీజర్ ఎలిమెంట్ బిగించాను, చుక్కలు ఆగట్లేదు

కృష్ణలంక_టీకొట్టు:
గ్యాస్ బండల ఖర్చు తట్టుకోలేక 40 లీటర్ల స్టీలు డ్రమ్ముకి పక్కన బెజ్జం కొట్టించి, 3 కిలోవాట్ల గీజర్ ఎలిమెంట్ పెట్టానండీ. ఎలిమెంటుకి ఉన్న మర ఒకటింపావు అంగుళం. టీ డికాక్షన్ కోసం. చల్లనీళ్లు పోసి రాత్రంతా ఉంచితే చుక్క కారలేదు. పొద్దున స్విచ్చేశాక నీళ్లు సలసలమనే వేళకి బొట్టు బొట్టు మొదలైంది. టెఫ్లాన్ టేపు పదిహేను చుట్లు చుట్టాను. పైన ఎపాక్సీ ముద్ద పిసికి పెట్టాను. రెండ్రోజులు ఆగింది, మూడో రోజు పెళ్లలా ఊడి చేతికొచ్చింది.

ఆటోనగర్_లేతు:
టేపు పీకెయ్ తమ్ముడూ. పైపుల టేపరు మరయితే (కొనకి పోనుపోను సన్నబడేది) బిగించేకొద్దీ బిగుస్తుంది, అక్కడ టేపు పనికొస్తుంది. నీ ఎలిమెంటుది ప్యారలల్ మర, మొదలు నుంచి చివరిదాకా ఒకే లావు. దీంట్లో నీళ్లాపేది మర కాదు, తల కింద వాషరు. నీ డ్రమ్ము గుండ్రం, వాషరు చదును. మధ్యలో నిలువుగా ఆనుతుంది, రెండు పక్కలా సందే. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు ఎలాగో సర్దుకుంది. వేడికి మెత్తబడింది, ఇత్తడి స్టీలుకన్నా కాస్త ఎక్కువ సాగింది, సందు తెరుచుకుంది. స్టెయిన్‌లెస్ సాకెట్ (లోపల మర ఉన్న గొట్టం ముక్క) ముఖం లేతు మీద ఫేసింగ్ చేయించి, అంటే చదునుగా చెక్కించి, ఆర్గాన్ వెల్డింగ్‌తో డ్రమ్ముకి అతికించుకో. పీడా పోతుంది.

బ్రాడీపేట_క్యాటరింగ్:
వెల్డింగ్ లేకుండానే మాది మూడేళ్లుగా నడుస్తోంది. లోపల కర్రదిమ్మె ఆనించి, బయట కొయ్యసుత్తితో బెజ్జం చుట్టూ అరచేయంత చదును చేశాం. 3 మిల్లీమీటర్ల సిలికాన్ వాషరు వేశాం. మొదటిది నేనే పాడు చేశా. గట్టిగా ఉండాలని స్పానరు మీద వేలాడితే పక్కకి ఉబ్బి చీలింది. చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు చాలు.

బాత్రూం సిలికాన్ ట్యూబు జోలికి మాత్రం పోకండి. ఆరేటప్పుడు వెనిగర్ కంపు, కొన్నిట్లో బూజు మందు కూడా కలుపుతారు. పైగా మాది బోరు నీళ్లు, ఎలిమెంటుకి సున్నం పెచ్చులు కడుతుంది. అప్పుడప్పుడూ విప్పి గీకాలి. గమ్ముతో అతికిస్తే ఎలా విప్పుతారు?

ఆటోనగర్_లేతు:
మందం రేకైతే సుత్తి సరే. పల్చటి డ్రమ్మయితే ఇంకో చోట సొట్టపడుద్ది.

రిటైర్డ్_లైన్‌మన్:
ఇంతమంది చుక్క గురించే మాట్లాడారు. ఆ చుక్క ఎక్కడ పడుతోందో ఒక్కరూ అడగలేదు. టెర్మినళ్ల మీద కదా? ఇనప డ్రమ్ము, తడి చేతులు, తడి నేల. బాబూ, ముందు స్విచ్ కట్టెయ్.

ఎలిమెంటు ఎర్తు కాకుండా డ్రమ్ముకి విడిగా బోల్టేసి ఎర్తు తీగ లాగు. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు, 16 ఆంపియర్ల సాకెట్టే పెట్టు, వైరు 2.5 స్క్వేర్. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, కరెంటు ఒంట్లోకో నేలకో లీకైతే వెంటనే ఆపేసే స్విచ్ అది. ఎమ్‌సీబీ ఉందిగా అనకు, అది లోడు ఎక్కువైతేనో షార్టయితేనో పడే స్విచ్, నీ ఒంట్లోంచి పోయే కరెంటు దానికి లెక్కలోకే రాదు. టెర్మినళ్లకి డబ్బా మూత వేసి, వైరు అందులోకి పోయేముందు కిందికి ఓ వంక తిప్పు, కారిన నీళ్లు ఆ వంక దగ్గరే రాలిపోతాయి. షాకు చిమచిమలాడితే చెప్పులేసుకుని పని చేసే టీకొట్ల వాళ్లని చాలామందిని చూశాను.

కృష్ణలంక_టీకొట్టు:
చిమచిమ నిజమే సార్, చెప్పులూ నిజమే. ప్లగ్గు తీసేశాను. ఇందులోనే పాలు కూడా కాచుకోవచ్చా?

బ్రాడీపేట_క్యాటరింగ్:
అస్సలొద్దు. రాడ్డుకి మాడి అంటుకుంటాయి. నీళ్లు మాత్రమే, టీపొడి గుడ్డలో మూటకట్టి వేలాడదీయండి.

కృష్ణలంక_టీకొట్టు (వారం తర్వాత):
సాకెట్ వెల్డింగ్ చేయించాను, సిలికాన్ వాషరు, ఎర్తు, ఆర్‌సీసీబీ అన్నీ అయ్యాయి. కింద పాత పేపరు పరిచి స్విచ్చేస్తే ఆర్‌సీసీబీ టప్పున పడిపోయింది. మూడుసార్లు వేశా, మూడుసార్లూ పడింది. చుక్క మాత్రం లేదు!

రిటైర్డ్_లైన్‌మన్:
అది మంచి పనే చేసింది. ఎలిమెంటు గొట్టంలో తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. ఇన్నాళ్లూ కారిన నీళ్లకి చెమ్మ పీల్చుకుంది, అందుకే కరెంటు లీకవుతోంది. విప్పి ఎండలో ఆరబెట్టి, మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూపించు. ఒక మెగోమ్ కూడా రాకపోతే పారెయ్.

కృష్ణలంక_టీకొట్టు:
రెండ్రోజులు డాబా మీద ఎండబెట్టినా రాలేదు సార్, కొత్తది కొన్నాను. మూతపెట్టి 40 లీటర్లు మరగడానికి గంటా ఇరవై నిమిషాలు, మీటర్లో నాలుగు యూనిట్లు తిరిగింది. పేపరు పొడిగానే ఉంది.